తెల్లమచ్చ మోడల్ డేటాకు సరిపోయిందో లేదో ఎలా తేల్చాలి? (మిక్స్‌డ్ ఎఫెక్ట్స్ లాజిస్టిక్ రిగ్రెషన్)

గట్టుమీద గణితం:

అందరికీ నమస్కారం. నెల్లూరు జిల్లా తీర మండలాల రొయ్యల గుంటల్లో తెల్లమచ్చ తెగులు ఏ పరిస్థితుల్లో ఎక్కువగా వస్తోందన్న విషయం మీద నేను పరిశోధన చేస్తున్నాను. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, విడవలూరు మండలాల్లోని 14 గ్రామాల్లో 103 గుంటలు తీసుకుని, మూడేళ్లలో వేసిన ఆరు పంటల వివరాలను రైతుల పుస్తకాల నుంచి రాసుకున్నాను. కొన్ని గుంటలు కొన్ని పంటలకు ఖాళీగా ఉండడంతో 618 రావలసిన రికార్డులు 540 మాత్రమే వచ్చాయి. రైతుల గోప్యత కోసం ఇక్కడ అంకెలను కొద్దిగా మార్చి ఇస్తున్నాను కాబట్టి వీటిని జిల్లా లెక్కలుగా ఎవరూ వాడుకోవద్దని మనవి.

పంటలో తెల్లమచ్చ వస్తే 1, రాకపోతే 0. నీటి ఉప్పదనం, ఎకరానికి వదిలిన పిల్లల సంఖ్య, సీడ్‌కు పీసీఆర్ పరీక్ష చేయించారా లేదా, శీతాకాలపు పంటా వేసవి పంటా అన్నవి ఫిక్స్‌డ్ ఎఫెక్టులు (అన్ని గుంటలకూ ఒకే గుణకం ఉండేవి). గ్రామానికి ఒక రాండమ్ ఇంటర్‌సెప్టు (ఊరూరికీ మారే ప్రభావం), గ్రామంలోని గుంటకు మరొకటి పెట్టి, గణాంక సాఫ్ట్‌వేర్ ఆర్‌లోని ఎల్‌ఎంఈ4 ప్యాకేజీతో నడిపాను. గ్రామ స్థాయి ప్రామాణిక విచలనం 1.5 వచ్చింది. గుంట స్థాయిది సున్నా వచ్చి, 'సింగ్యులర్' అన్న హెచ్చరిక కనబడింది.

అసలు చిక్కు ఆ తరువాత మొదలైంది. మోడల్ సరిపోయిందని చూపించడానికి హాస్మర్–లెమెషో పరీక్ష పెట్టమని మా గైడ్ గారు పట్టుబట్టారు. పది గుంపులు చేస్తే పి విలువ (0.05 కంటే తక్కువైతే మోడల్ సరిపోలేదంటారు) 0.003 వచ్చింది, ఎనిమిది చేస్తే 0.06 వచ్చింది. తోటి పరిశోధకుడొకరు డీవియన్స్‌ను (మోడల్ డేటాకు ఎంత దూరంగా ఉందో చెప్పే కొలతను) డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌తో భాగించి, 0.81 వచ్చింది, ఒకటి దాటలేదు కాబట్టి దిగులు పడవద్దన్నారు. తెగులు వచ్చిన పంటలనూ రానివాటినీ మోడల్ ఎంత బాగా విడదీస్తుందో చెప్పే ఆర్‌ఓసీ వక్రం కింది వైశాల్యం 0.89 ఉంది (గుడ్డి ఊహకు 0.5, తప్పే లేకపోతే 1). ఈ మూడింటిలో దేన్ని నమ్మాలో నాకు తెలియడం లేదు.

కావలి కుర్రాడు:

0.89 అంటే చాలా బాగున్నట్టే కదా అండీ. ఎనిమిది గుంపులతో వచ్చిన 0.06 రాసేసి ముందుకు వెళ్లవచ్చు. మా దగ్గర చాలామంది చేసేది అదే.

ఒంగోలు లెక్కల మాస్టారు:

చాలామంది అదే చేస్తారన్నది నిజమే నాయనా, కానీ ఏ పరీక్షకు ఏ అంకె నచ్చితే దాన్ని రాసుకోవడం లెక్క కాదు, కోడిపందెం. అమ్మాయి అడిగిన మూడింటినీ ఒక్కొక్కటిగా చూద్దాం.

డీవియన్స్ సంగతి త్వరగా తేలిపోతుంది. ప్రతి రికార్డూ విడిగా సున్నాయో ఒకటో అయినప్పుడు, మామూలు లాజిస్టిక్ రిగ్రెషన్‌లో డీవియన్స్ మొత్తాన్ని మోడల్ ఇచ్చిన సంభావ్యతల నుంచే రాబట్టవచ్చు. అసలు ఫలితాలు ఆ సంభావ్యతలకు ఎంత దూరంలో ఉన్నాయన్న సమాచారం అందులో విడిగా మిగలదు. అందువల్ల దాన్ని కై స్క్వేర్ పట్టికతో పోల్చినా, ఒకటితో పోల్చినా అర్థం లేదు. ఒక్కొక్క సున్నా–ఒకటి రికార్డులో ఓవర్‌డిస్పర్షన్ (మోడల్ అనుకున్నదానికంటే ఎక్కువ చెదురు) అన్నది కనబడే వీలే లేదు. రాండమ్ ఎఫెక్టులు చేరినంత మాత్రాన ఆ అంకెకు కొత్త బలం రాదు. 0.81ని పక్కన పడేయండి.

హాస్మర్, లెమెషోలు 1980లో ఇచ్చిన పరీక్ష ఒకదానితో ఒకటి సంబంధం లేని రికార్డుల కోసం పుట్టింది. అంచనా సంభావ్యతల వరుసలో రికార్డులను పది గుంపులు చేసి, ఒక్కొక్క గుంపులో రావలసినన్ని వచ్చాయా అని చూసి, వచ్చిన మొత్తాన్ని ఎనిమిది డిగ్రీల కై స్క్వేర్‌తో పోలుస్తారు. గుంపుల సంఖ్య మారితే తీర్పు మారడం దానికి పుట్టుకతో వచ్చిన బలహీనత. మీ డేటాలో ఇంకో రెండు తప్పులు కలిశాయి. ఒకే గ్రామంలోని రికార్డులు ఒకదానికొకటి చుట్టాలు కాబట్టి ఆ కై స్క్వేర్ పంపిణీయే ఇక్కడ వర్తించదు. రెండోది మరింత సూక్ష్మమైనది: మీరు ఏ సంభావ్యతలతో గుంపులు చేశారు? గ్రామ ప్రభావాన్ని కలుపుకుని లెక్కించినవా, కలపకుండా లెక్కించినవా?

గట్టుమీద గణితం:

ధన్యవాదాలు మాస్టారూ. ప్రెడిక్ట్ ఫంక్షన్ మామూలుగా ఇచ్చేవే తీసుకున్నాను, అంటే గ్రామ ప్రభావాన్ని కలుపుకున్నవే.

ఒంగోలు లెక్కల మాస్టారు:

అయితే ఒక చిన్న ఉదాహరణ చూడండి. ఒక గ్రామంలో 20 రికార్డులకు 12 తెల్లమచ్చ వచ్చాయనుకుందాం. ముడి లెక్కలో అది 60 శాతం. మోడల్ ఆ గ్రామాన్ని అంతవరకూ వెళ్లనివ్వదు, మిగతా గ్రామాల వైపు కొంత వెనక్కి లాగి 53 శాతమో 54 శాతమో అంటుంది. ఇంకో ఊళ్లో ఆరు రికార్డులే ఉండి ఒక్కటీ రాలేదనుకోండి, మోడల్ సున్నా అనదు, ఏ ఆరు శాతమో ఏడు శాతమో ఇస్తుంది. ఈ లాగుడు మంచిదే. తక్కువ రికార్డులున్న ఊరి మీద తొందరపడి తీర్పు చెప్పకుండా కాపాడేది అదే. కానీ అదే డేటా మీద గుంపులు చేసి చూసినప్పుడు, అట్టడుగు గుంపులో అంచనా కంటే తక్కువా, పై గుంపులో అంచనా కంటే ఎక్కువా కనబడతాయి. మోడల్ నిక్కమైనదే అయినా ఈ వంకర వస్తుంది. మీ 0.003లో దీని వాటా ఎంతో, మోడల్‌లోని నిజమైన దోషం వాటా ఎంతో ఆ పరీక్ష విడదీసి చెప్పలేదు.

అలాగని గ్రామ ప్రభావాన్ని సున్నా చేసి ఇచ్చే సంభావ్యతలు తీసుకుంటే ఇంకో గోతిలో పడతాం. సగటు గ్రామంలోని సంభావ్యత వేరు, గ్రామాలన్నింటి సగటు సంభావ్యత వేరు. ఒక రకం పంటకు ఫిక్స్‌డ్ భాగం లాగ్ ఆడ్స్‌లో (తెగులు వచ్చే, రాని అవకాశాల నిష్పత్తికి లాగరిథమ్‌లో) −2 వచ్చిందనుకుందాం. సగటు గ్రామంలో అది సుమారు 12 శాతం. గ్రామ విచలనం 1.5 కాబట్టి విస్తృతి (విచలనపు వర్గం) 2.25; జీగర్, లియాంగ్, ఆల్బర్ట్‌లు 1988లో చూపిన ఉజ్జాయింపు ప్రకారం −2ను 1 + 0.346 × 2.25 వర్గమూలంతో, అంటే సుమారు 1.33తో భాగిస్తే −1.5 వస్తుంది; అది సుమారు 18 శాతం. నూరు గుంటలకు 12 పోతాయని చెప్పడానికీ 18 పోతాయని చెప్పడానికీ మధ్య రైతుకూ అప్పిచ్చిన బ్యాంకుకూ ఎంత తేడా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. రెండు అంకెలూ ఒకే మోడల్ నుంచి వచ్చినవే, రెండూ తప్పు కాదు. గుంపుల సగటుతో పోల్చవలసినది మాత్రం రెండోది.

పెన్నా ఒడ్డు:

మాస్టారు చెప్పినదానికి వైశాల్యం సంగతి జోడిస్తాను. 0.89 అన్నది గ్రామ ప్రభావాన్ని కలుపుకుని, అదే గ్రామాల మీద చూసినది. ఏ ఊళ్లో తెగులు ఎక్కువో మోడల్‌కు ముందే తెలుసు, తెలిసినదాన్నే తిరిగి చెప్పి మార్కులు కొట్టేసింది. ఒక గ్రామాన్ని పూర్తిగా పక్కన పెట్టి, మిగతా 13తో మోడల్ కట్టి, పక్కన పెట్టిన గ్రామానికి అంచనా వేయండి; అలా 14 సార్లు చేయండి. అప్పుడు వచ్చే అంకెను చూసి మాట్లాడుకుందాం. నా అనుభవంలో అది 0.7 దరిదాపులకు దిగిపోతుంది.

ఉన్న ఊళ్లలోనే వచ్చే పంటకు అంచనా వేయడం మీ ఉద్దేశమైతే, గ్రామాన్ని కాక చివరి పంటను పక్కన పెట్టాలి. మోడల్ సరిపోవడమన్నది దేనికి సరిపోవడమో ముందు నిర్ణయించుకోవాలి.

కావలి కుర్రాడు:

నేను తొందరపడ్డానని ఒప్పుకుంటున్నాను. మరి రెసిడ్యువల్స్ (అసలు ఫలితానికీ అంచనాకూ మధ్య తేడాలు) బొమ్మ వేస్తే సరిపోదా?

పెన్నా ఒడ్డు:

సున్నా–ఒకటి డేటాకు మామూలు రెసిడ్యువల్స్ బొమ్మ వేస్తే రెండు చారలు కనబడతాయి తప్ప ఇంకేమీ కనబడదు. దానికి బదులు ఉప్పదనం వరుసలో రికార్డులను ఇరవై చిన్న గుంపులుగా చేసి, ఒక్కొక్క గుంపులో సగటు రెసిడ్యువల్‌ను చుక్కగా పెడితే వంపు ఉందో లేదో తెలుస్తుంది. రెండో దారి సిమ్యులేషన్. డన్, స్మిత్‌లు 1996లో ప్రతిపాదించిన క్వాంటైల్ రెసిడ్యువల్స్ ఆలోచనను మిక్స్‌డ్ మోడళ్లకు అందుబాటులోకి తెచ్చినది ఫ్లోరియన్ హార్టిగ్ రాసిన 'ధర్మ' ప్యాకేజీ. ఆ పేరు ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలే అయినా, మనకు చదువుకోవడానికి సొంతింటి పేరులా ఉంటుంది. ఒక జాగ్రత్త ఉంది: రికార్డు రికార్డుకూ చూస్తే సున్నా–ఒకటి డేటాలో ఆ పరీక్షకు పట్టు చాలదు. రెసిడ్యువల్స్‌ను గ్రామం వారీగా, పంట వారీగా కలిపి చూడండి.

ఉప్పుటేరు రైతు:

లెక్కల భాష నాకు సగమే అర్థమైంది, అయినా ఒక మాట చెప్పాలనిపించి రాస్తున్నాను. 1994–95లో టైగర్ రొయ్య వేసినప్పుడు తెల్లమచ్చ మొదటిసారి చూసినవాణ్ణి; 2009 తరువాత వనామీ రకం రొయ్య వచ్చాక కూడా అది నా గుంటను వదల్లేదు. అమ్మాయి గ్రామానికి ఒక అంకె ఇచ్చి, ఆ అంకె ఆరు పంటలకూ ఒకటే అంటోంది. మా ఊళ్లో అలా జరగదు. ఒక శీతాకాలంలో ఒకరి గుంటలో చెక్ ట్రే (మేత తింటున్నాయో చూసే పళ్లెం) దగ్గర రొయ్యలు నీరసంగా గట్టు చేరడం కనబడుతుంది. ఆయన భయపడి రాత్రికి రాత్రి పట్టుబడి చేసి, నీళ్లు ఏట్లోకి వదిలేస్తాడు. అవే నీళ్లు కింది మోటారు వాడు తోడుకుంటాడు. వారం పది రోజుల్లో వరసగా గుంటలన్నీ పోతాయి. ఆ మరుసటి పంటలో అదే ఊళ్లో ఒక్కరికీ రాదు, అందరూ కౌంటు బాగా తీస్తారు. మా ఊరు చెడ్డదా మంచిదా అని అడిగితే నేనేం చెప్పను? ఏ పంటలో అని అడగాలి.

ఇంకొకటి. ఊరు పేరును బట్టి గుంటలను కలపడం కూడా సరికాదు. మా ఊళ్లో సగం గుంటలకు నీళ్లు ఉప్పుటేటి నుంచి, సగానికి బకింగ్‌హాం కాలువ వైపు నుంచి వస్తాయి.

ఒంగోలు లెక్కల మాస్టారు:

అయ్యా, మీకు సగమే అర్థమైందని మీరన్నారు, కానీ మోడల్‌లోని తప్పును వేలు పెట్టి చూపించింది మీరే.

అమ్మా, దీన్ని పరీక్షించడం కష్టం కాదు. ప్రతి గ్రామానికీ అతి చెడ్డ పంటలో తెల్లమచ్చ వచ్చిన గుంటల నిష్పత్తి, అతి మంచి పంటలోని నిష్పత్తి తీసుకుని, తేడా కట్టండి. 14 గ్రామాల తేడాల సగటు ఒక అంకె. ఇప్పుడు మీ మోడల్ నుంచే వెయ్యి కృత్రిమ డేటాలు పుట్టించండి. గ్రామ ప్రభావాలను కూడా ప్రతిసారీ కొత్తగా తీయాలి. ఒక్కొక్కదానిలో అదే అంకె కట్టి, మీ అసలు అంకె వాటిలో ఎక్కడ పడుతుందో చూడండి. రైతు గారు చెప్పినది నిజమైతే మీ అంకె ఆ గుంపు బయట ఎక్కడో ఉండాలి. ఏ పరీక్ష పెట్టాలో పుస్తకం చెప్పదు. దోషం ఎక్కడ ఉండవచ్చో అనుమానం ఉంటే దాన్ని పట్టుకునే అంకెను మనమే తయారు చేసుకోవచ్చు.

గట్టుమీద గణితం:

రెండు రోజులు పట్టింది, ఆలస్యానికి మన్నించండి. మాస్టారు చెప్పిన లెక్క చేశాను. నా అసలు డేటాలో ఆ తేడాల సగటు 0.64. మోడల్ పుట్టించిన వెయ్యి డేటాల్లో అది 0.33 నుంచి 0.48 లోపలే ఉంది. ఒక్కటి కూడా 0.5 దాటలేదు. బొమ్మ వేసి చూస్తే వెయ్యి అంకెలూ ఒక దిబ్బలా పోగుపడి ఉండగా, నాది కుడివైపు దూరాన ఒంటరిగా కనబడింది.

తరువాత గ్రామం–పంట జంటకు, అంటే 84 జంటలకు, ఇంకో రాండమ్ ఇంటర్‌సెప్టు చేర్చాను. దాని విచలనం 1.6 వచ్చింది, గ్రామానిది 1.5 నుంచి 0.9కి దిగింది. కొత్త మోడల్‌తో వెయ్యి డేటాలు పుట్టిస్తే 0.64 ఇప్పుడు మధ్యలోనే పడుతోంది. గ్రామాన్ని పక్కన పెట్టి చూసిన వైశాల్యం 0.68, పెన్నా ఒడ్డు గారి జోస్యం ఫలించింది.

కానీ ఇప్పుడు వేరే దిగులు పట్టుకుంది. శీతాకాలపు పంట గుణకం దాదాపు అంతే ఉన్నా, దాని ప్రామాణిక దోషం 0.25 నుంచి 0.45కి పెరిగి, పి విలువ 0.05 దాటిపోయింది. సీడ్ పరీక్ష ప్రభావం మాత్రం చెక్కుచెదరలేదు. శీతాకాలం ప్రభావం లేదని రాస్తే రైతులే నవ్వుతారు.

పెన్నా ఒడ్డు:

ప్రభావం లేదని మోడల్ అనడం లేదు. ఒక గ్రామంలో ఒక శీతాకాలంలో పోయిన ఏడు గుంటలను మీ పాత మోడల్ ఏడు వేర్వేరు సాక్ష్యాలుగా లెక్కపెట్టింది. అసలు అది ఒకే తెగులు ఒక గుంట నుంచి ఇంకో గుంటకు పాకిన ఒకే సంఘటన. ఇప్పుడు దాన్ని ఒకటిగానే లెక్కపెడుతోంది కాబట్టి దోషం పెరిగింది. మీ దగ్గర ఉన్నవి మూడే శీతాకాలాలు. ఆ సంగతిని గుణకంతో, దాని పరిధితో రాయండి. నిజానికి పంట స్థాయిలో, గ్రామాలన్నింటికీ ఉమ్మడిగా, ఇంకో ప్రభావం ఉండాలి. కానీ ఆరు పంటలతో దాని విస్తృతిని అంచనా వేయడం సాహసమే అవుతుంది.

గుంట స్థాయి సున్నా రావడం గురించి: అది తప్పు కాదు. గుంటకు ఐదారు రికార్డులే ఉన్నప్పుడు, గ్రామమూ పంటా తీసేశాక గుంటకంటూ మిగిలినది డేటాలో కనబడలేదని అర్థం. తీసేసినా ఉంచినా మిగతా అంచనాలు మారవు. ఉంచాలా వద్దా అని పరీక్ష పెట్టదలిస్తే మాత్రం మామూలు పి విలువ వాడవద్దు. విస్తృతి సున్నా కంటే తక్కువ కాలేదు కాబట్టి, ఆ అంచు మీద కై స్క్వేర్ తీర్పు సగానికి సగం మారుతుంది. 1987లో సెల్ఫ్, లియాంగ్‌లు చూపించినది ఇదే.

కావలి కుర్రాడు:

ఒక సందేహం. రాండమ్ ఎఫెక్టులు నార్మల్‌గా (గంట ఆకారపు పంపిణీలో) ఉన్నాయో లేదో క్యూ–క్యూ బొమ్మ వేసి చూడాలని మాకు చెప్పారు. 14 గ్రామాలకు అది పనికొస్తుందా?

ఒంగోలు లెక్కల మాస్టారు:

పెద్దగా పనికిరాదు. 14 చుక్కలతో ఏ ఆకారమైనా కనబడుతుంది. అదీకాక, ఆ ప్రభావాలను అంచనా వేసేటప్పుడే నార్మల్ అనుకుని సగటు వైపు లాగాం కదా. లాగిన తరువాత నార్మల్‌గా ఉన్నాయా అని అడగడం, ఇస్త్రీ చేసిన చొక్కాలో ముడతలు వెతకడం లాంటిది. ఒక గ్రామం మిగతావాటికి పూర్తిగా దూరంగా పడి ఉందా అని చూడడానికి మాత్రం ఒకసారి వేసి చూడు. ఆకారం కొంత తప్పినా ఫిక్స్‌డ్ గుణకాలు సాధారణంగా అంతగా చెదరవు.

అమ్మా, ఇంకో రెండు పనులు చేయండి. మీ కొత్త మోడల్‌లో రాండమ్ ఎఫెక్టులు ఒకటి కంటే ఎక్కువ కాబట్టి ఎల్‌ఎంఈ4 ఫంక్షన్ లాప్లాస్ ఉజ్జాయింపు అనే త్వరిత లెక్కతోనే నడుస్తుంది; అంతకంటే కచ్చితమైన, ఎక్కువ బిందువుల క్వాడ్రేచర్ ఒక్క ఇంటర్‌సెప్టు ఉన్నప్పుడే కుదురుతుంది. జంటకు ఆరేడు రికార్డులే ఉన్నాయి కాబట్టి, జంట ఒక్కదాన్నే పెట్టి రెండు విధాలా నడిపి, గుణకాలు ఎంత కదిలాయో చూసుకోండి. రెండోది ఉప్పదనం. సముద్రానికి దగ్గరి ఊళ్లలో అది ఎప్పుడూ ఎక్కువే. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలకు ఒకే గుంటలో హఠాత్తుగా పడిపోవడం వేరే సంగతి. ఒకే గుణకం ఈ రెండింటినీ కలిపి నూరేస్తుంది. గ్రామ సగటు ఉప్పదనాన్ని ఒక చరరాశిగా, దాని నుంచి ఆ పంటలో గుంట ఎంత తప్పిందో అన్నదాన్ని ఇంకో చరరాశిగా పెట్టండి.

గట్టుమీద గణితం:

ఉప్పదనాన్ని విడదీశాను మాస్టారూ. గ్రామ సగటుకు చెప్పుకోదగ్గ ప్రభావం కనబడలేదు. ఆ పంటలో ఉప్పదనం పడిపోయిన గుంటల్లో మాత్రం తెల్లమచ్చ స్పష్టంగా ఎక్కువగా ఉంది. ఇంతకుముందు గుంపుల బొమ్మలో ఉప్పదనం చివర్లలో కనబడిన వంపు కూడా చాలావరకు పోయింది. లాప్లాస్‌కూ పది బిందువుల క్వాడ్రేచర్‌కూ మధ్య గుణకాలు రెండో దశాంశంలోనే మారాయి.

గైడ్ గారికి హాస్మర్–లెమెషోకు బదులు సిమ్యులేషన్ బొమ్మలు రెండూ చూపించాను. మొదటి బొమ్మలో ఒంటరి గీతను చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత ఆ పరీక్షను ఎందుకు వదిలేశానో ఒక పేరా రాసి అనుబంధంలో పెట్టమన్నారు.

ఉప్పుటేరు అన్నా, ఇప్పుడు మీతో పని పడింది. ఊరు పేరుకు బదులు నీటి వనరును గుంపుగా పెట్టి మళ్లీ నడపాలనుకుంటున్నాను. ఏ గుంట ఏ మోటారు దగ్గర నీళ్లు తోడుకుంటుందో నా పుస్తకాల్లో లేదు.

ఉప్పుటేరు రైతు:

దానికేముందమ్మా. మా చుట్టుపక్కల నాలుగు ఊళ్ల మోటారు షెడ్లు నాకు కంఠతా వచ్చు. ఆదివారం పొద్దున్నే గుంటల పటం అచ్చు తీసుకుని రా, మేత చల్లడం అయ్యాక కూర్చుని ఒక్కొక్క గుంటకూ రంగు పెన్సిలుతో గుర్తు పెడదాం. కరెంటు పోయినప్పుడు ఇద్దరు ముగ్గురు పక్కవాడి డీజిల్ మోటారు నుంచి తోడుకుంటారు. వాళ్లను ఏ గుంపులో వేస్తావో మాత్రం నువ్వే ఆలోచించుకో.

ఒంగోలు లెక్కల మాస్టారు:

వాళ్లకు రెండు రంగులూ వేయించమ్మా. ఒక గుంటకు రెండు గుంపుల్లో వాటా ఇచ్చే మోడళ్లు ఉన్నాయి. పటం వచ్చాక మాట్లాడుకుందాం.